అంతర్జాల సహాయకులు - మర్యాద, సమయ నియమం

దుకాణంలో కొన్న వస్తువు చెడిపోతే దుకాణదారుణ్ణి నిలదీసి అడుగుతాం. ధర చెల్లించి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. అమ్మిన సంస్థ జీతమిచ్చి కొందరిని నియమిస్తుంది. వారు కొనుగోలుదారుల సందేహాలు తీరుస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. దానిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచిపెట్టవచ్చు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించినప్పుడు గాని, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నలుగురికీ తెలియజేసినప్పుడు గాని, దాని వెనుక అంగడి లేదు, అంగడివాడు లేడు. రుసుము తీసుకొని సేవలందించే సంస్థలు తరువాత వచ్చాయి. అయినా సామాన్యుడు తన కంప్యూటర్లో ఏదో మొరాయించినప్పుడు అడగగలిగింది తనకంటె ముందు అదే చిక్కులో పడి బయటపడిన మరొక సామాన్యుణ్ణే. ఈ రెండవవాడే అంతర్జాల సహాయకుడు. అతడు ఉద్యోగి కాడు. తన పనులు ముగించుకొని, నిద్రకు ముందు మిగిలిన గంటలోనో అరగంటలోనో, ముఖమెరుగని మనిషికి దారి చూపుతాడు.

తెలుగువారికి ఈ అనుభవం బాగా తెలిసినదే. 2003లో తెలుగు వికీపీడియా ప్రారంభమైన రోజుల్లో కంప్యూటర్ తెరమీద తెలుగు చదవగలగడమే ఒక పరీక్షగా ఉండేది. పత్రికలు వేటికవే సొంత ఫాంట్లు వాడుకొనేవి. ఒక ఫాంటులో ‘క’గా కనిపించినది మరొక ఫాంటులో అర్థంలేని గుర్తుగా మారిపోయేది. అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతిని కల్పించిన యూనికోడ్ అప్పటికే వచ్చింది. కాని విండోస్ ఎక్స్‌పీ వాడేవారు అందులో ఉన్న గౌతమి ఫాంటుతో తెలుగు సరిగా చూడాలంటే, సంక్లిష్ట లిపులకు సంబంధించిన భాగాన్ని విడిగా చేర్చుకోవలసి వచ్చేది. ఆ సంగతి తెలియని ఇంట్లో అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు బారులు తీరి నిలబడేవి. కొన్ని కంప్యూటర్లలో ఒత్తులు హల్లు కింద ఒదగక పక్కకు జారేవి. హైదరాబాదులోని గుమాస్తా, గుంటూరులోని ఉపాధ్యాయుడు, అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు. ముందుగా నేర్చుకొన్నవారు ఓపికగా జవాబు చెప్పేవారు. తెలుగు వికీపీడియాలో ఇటువంటి సంభాషణ సాగే చోటికి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకోవడం ఊరికే జరగలేదు. రావిచెట్టు కింద కూర్చున్నవాడు తీర్పరి కాడు, నౌకరు కాడు. పదిమందిలో ఒకడు. సహాయకుడి స్థానం సరిగ్గా అదే.

ఈ పనిలో మర్యాద ప్రశ్నను చదవడంతో మొదలవుతుంది. “మా సిస్టంలో తెలుగు రావడం లేదు, వెంటనే చెప్పండి” అని ఒకరు రాశారనుకొందాం. ‘రావడం లేదు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. చదవబోతే కనిపించడం లేదా? రాయబోతే అక్షరం పడడం లేదా? మొదటిది ఫాంటుకు సంబంధించినది, రెండవది కీబోర్డుకు సంబంధించినది. ఈ తేడా విచారించకుండా పది పంక్తుల ఉపాయం రాసి పంపినవాడు తన కాలాన్నీ, ఎదుటివాడి కాలాన్నీ కూడా వ్యర్థం చేసినవాడవుతాడు. “మీకు తెలుగు చదవడం కుదరడం లేదా, రాయడం కుదరడం లేదా? అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తున్నాయా, ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తున్నాయా? మీరు వాడుతున్నది ఏ విండోస్ అండీ?” అని మూడు చిన్న ప్రశ్నలు వేస్తే వ్యవహారం సగం తేలిపోతుంది. అడిగినవాడికి తన బాధను చెప్పుకొనే మాటలు కూడా వాటివల్లనే అందుతాయి. వైద్యుడు నాడి చూసే ముందు రోగిచేత నాలుగు మాటలు చెప్పించడం వంటిది ఇది.

ఎదుటి వ్యక్తి వయస్సు తెలియదు. స్త్రీయో పురుషుడో తెలియదు. పదవ తరగతి బాలుడు కావచ్చు, పదవీ విరమణ చేసిన ప్రధానాచార్యులు కావచ్చు. కనుక తెలుగులో ‘మీరు’ అనడమే క్షేమం. పేరు తెలిస్తే ‘గారు’ చేర్చాలి, తెలియకపోతే ‘అండీ’ చాలు. ‘మీరు’ అన్నందుకు నొచ్చుకొన్న చిన్నవాడు లేడు, ‘నువ్వు’ అన్నందుకు మరి రాని పెద్దలు ఉన్నారు. ప్రశ్నలో అక్షరదోషాలుంటే వాటిని ఎత్తిచూపడం సహాయకుడి పని కాదు. తెలుగు రావడం లేదని మొరపెట్టుకొంటున్నవాడు ఆ మొరను ఇంగ్లీషు లిపిలో రాయక ఏం చేస్తాడు! అందుకు అతణ్ణి పరిహసించేవారు కూడా లేకపోలేదు.

ఈ మర్యాదలను గ్రంథస్థం చేసే ప్రయత్నాలు జరిగాయి. 1995 అక్టోబరులో ఇంటెల్ సంస్థలో పనిచేస్తున్న శాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన మార్గదర్శక పత్రం ఒకటి ‘ఆర్‌ఎఫ్‌సీ 1855’ అన్న సంఖ్యతో వెలువడింది. అంతర్జాల సాంకేతిక నియమాలు వెలువడే వరుసలోనే మర్యాదకు కూడా ఒక పత్రం చోటు చేసుకోవడం విశేషం. ఇంగ్లీషులో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరచినట్టు ఉంటుందని, కోపంతో రాసిన జవాబును ఆ రాత్రికి ఆపి మరునాడు చూసుకోవాలని, ఉత్తరం చేరే సమయానికి అవతలి దేశంలో మనిషి నిద్రలో ఉండవచ్చునని అది హెచ్చరించింది. ఉపకరణాలు ఎన్ని మారినా ఈ మూడు మాటలలో ఒక్కటీ పాతబడలేదు.

అయితే పత్రాలు ఉన్నంత మాత్రాన ప్రవర్తన మారదు. సాఫ్ట్‌వేర్ నిపుణులలో ఒక దురభ్యాసం చాలాకాలం చెలామణి అయింది. కొత్తవాడు తెలియక ఒక ప్రశ్న అడిగితే “ముందు కరదీపిక చదువుకొని రా” అని తిట్టు జోడించి గద్దించేవారు. కరదీపికలో జవాబు ఉండే మాట నిజమే కావచ్చు. రెండువందల పుటల పుస్తకంలో అది ఎక్కడుందో తెలిసినవాడు ‘ఏడవ అధ్యాయం రెండవ భాగం చూడండి’ అంటే ఖర్చయ్యేది ఒక్క వాక్యం. గద్దింపుకు కూడా ఒక్క వాక్యమే ఖర్చవుతుంది. కాని మొదటిదానివల్ల ఒక వాడుకరి మిగులుతాడు, రెండవదానివల్ల వెళ్లిపోతాడు. లైనక్స్‌ను సృష్టించిన టోర్వాల్డ్స్ సైతం తోటివారిపై రాసిన పరుషమైన ఉత్తరాలకు పేరుపడ్డాడు. 2018 సెప్టెంబరులో ఆయన తన ప్రవర్తనకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొంతకాలం పనికి దూరంగా ఉన్నాడు. ఆ నెలలోనే లైనక్స్ కెర్నెల్ బృందం కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. ఇరవయ్యేడేళ్లు గడిచాక అంతటి ప్రతిభావంతుడు మాట తీరు గురించి పునరాలోచించుకోవలసి వచ్చిందంటే ఈ విషయాన్ని చిన్నదిగా తీసిపారేయడానికి వీలులేదు.

జవాబు ఎట్లా ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కిష్కింధాకాండ గుర్తుకు రాక మానదు. మారువేషంలో వచ్చిన హనుమంతుడి మాటలు విని శ్రీరాముడు లక్ష్మణుడితో ఆ వాక్యాల తీరును మెచ్చుకొంటాడు. విస్తరణ లేదు, సందిగ్ధత లేదు, సాగదీత లేదు, అపశబ్దం లేదు అన్నది ఆ మెప్పుదల సారాంశం. అవతలివాడు ఎవరో తెలియని సందర్భంలో పలికిన మాటలు అవి. అంతర్జాల సహాయకుడికి ఇంతకంటె సరైన కొలత దొరకదు. ఒక అడుగు, దాని తరువాత ఒక అడుగు. ప్రతి అడుగు చివర తెరమీద ఏమి కనిపించాలో ఒక మాట. ‘ఇక్కడ మీకు ఇంకేదైనా కనిపిస్తే అక్కడే ఆగి చెప్పండి’ అన్న హెచ్చరిక తప్పనిసరి.

ఈ హెచ్చరికకు బలమైన కారణం ఉంది. ఒక్క ఆదేశంతో హార్డ్ డిస్కులోని సమస్తం చెరిపివేయవచ్చు. దానిని తిరిగి తెచ్చే మంత్రం లేదు. సంవత్సరాల తరబడి దాచుకొన్న పెళ్లి ఫొటోలు, పరిశోధన వ్యాసాలు, అంగడి లెక్కలు ఆ డిస్కులో ఉంటాయి. కనుక ఏ ఆదేశాన్ని టైపు చేయమన్నా అది ఏమి చేస్తుందో ముందు చెప్పాలి. ప్రమాదం ఉన్నచోట మొదట నకలు తీసుకొమ్మని చెప్పాలి. తాను స్వయంగా పరీక్షించని ఉపాయాన్ని ‘చేసి చూడండి’ అని పంపడం సాయం కాదు, జూదం. ఆ జూదంలో పందెం ఎదుటివాడిది. పాస్‌వర్డ్, ఓటీపీ అడగడం, ‘నాకు విడిగా ఫోన్ చేయండి’ అనడం సహాయకుడు చేయకూడని పనులు. మోసగాళ్లు ఈ దారినే వస్తారు గనుక నిజమైన సహాయకుడు ఆ దారి తొక్కితే అమాయకులకు తేడా తెలియకుండా పోతుంది. పదిమంది ఎదుట చెప్పిన జవాబులో మరొక మేలు కూడా ఉంది. తప్పు చెబితే దిద్దడానికి ఇంకొకరు ఉంటారు.

మర్యాద గురించి చెప్పేవారు ఎందరో ఉన్నా, ఆ మర్యాద ఎక్కడ అడుగంటుతుందో చెప్పేవారు తక్కువ. చాలామంది సహాయకులు స్వభావంచేత పరుషులు కారు. అలసిపోయి పరుషులవుతారు. రాత్రి పదకొండు గంటలకు, అదే ప్రశ్న ముప్పైయవసారి కంటబడినప్పుడు వేళ్ల చివర నుంచి వెలువడే మాట పొద్దున్నే అదే మనిషి రాసే మాట కాదు. అడిగినవాడికి మాత్రం అది మొదటిసారే. ముప్పై సార్లు విన్నది సహాయకుడే గాని అతడు కాదు. కనుక సమయ నియమాన్ని మర్యాదకు సంబంధంలేని వేరొక విషయంగా చూడడం పొరపాటు. కాలాన్ని కాపాడుకోలేనివాడు మర్యాదను ఎక్కువ కాలం కాపాడలేడు.

కాలాన్ని కాపాడుకొనే ఉపాయాలలో పాతది, మేలైనది ‘తరచు అడిగే ప్రశ్నలు’ అన్న పట్టిక. అంతర్జాలంలో సామూహిక చర్చలు మొదలైన తొలినాళ్లలోనే అనుభవజ్ఞులు ఈ అవసరాన్ని గుర్తించారు. వచ్చిన ప్రశ్నే మళ్లీ వస్తూ ఉంటే జవాబును ఒకసారి శ్రద్ధగా రాసి, అందరికీ కనిపించే చోట పెట్టేవారు. డబ్బాల సమస్యకు తెలుగువారు ఇట్లాగే పుటలు రాసి పెట్టుకొన్నారు. ఒక మెళకువ పాటించాలి. ఆ పుట చిరునామాను మాత్రమే విసిరినట్టు పంపితే అది పాత గద్దింపుకు కొత్త రూపం అవుతుంది. ‘మీరు చెప్పిన డబ్బాల సమస్యకు ఈ పుటలో మూడవ భాగం పనికివస్తుంది, అది కుదరకపోతే మళ్లీ అడగండి’ అన్న రెండు ముక్కలు ముందు చేర్చాలి. పట్టికకు తేదీ కూడా వేయాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగించింది. ఆ కాలపు ఉపాయాన్ని ఈనాటి కంప్యూటర్ మీద ప్రయోగించబోయే అమాయకుడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు.

గడియారం మరొక చిక్కు. హైదరాబాదులో రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు కాలిఫోర్నియాలో ఋతువును బట్టి ఉదయం ఏడున్నరో, ఎనిమిదిన్నరో అవుతుంది. ఒకరు పక్క వేసుకొనే వేళకు మరొకరు కాఫీ తాగుతూ ప్రశ్న పంపుతారు. ప్రశ్నలకు రాత్రీ పగలూ లేదు, మనిషికి ఉన్నాయి. కనుక రోజులో ఇంత సేపని హద్దు పెట్టుకోవడం, ఆ హద్దును ముందుగా చెప్పడం సహాయకుడి హక్కు. ‘ఈ ఆదివారం వరకు చూడలేను, అత్యవసరమైతే వేరొకరిని అడగండి’ అని రాయడంలో అగౌరవం లేదు. చూస్తానని మాటిచ్చి వారం రోజులు మౌనంగా ఉండడంలోనే ఉంది. అడిగినవాడు ఆ మాటను నమ్మి ఇంకొకరిని అడగకుండా కాచుకొని ఉంటాడు. ‘నాకు తెలియదు’ అన్న మాట కూడా ఇటువంటిదే. మన చదువులలో ఆ మాటకు విలువ తక్కువ. ఈ పనిలో మాత్రం చాలా ఎక్కువ.

హద్దులు లేని ఉపకారం ఎక్కడికి దారితీస్తుందో చూపే ఉదంతం 2024లో లోకమంతటికీ తెలిసింది. దస్త్రాల పరిమాణాన్ని కుదించే ‘ఎక్స్‌జెడ్’ అన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పేరు సామాన్యులు విని ఉండరు. కాని లైనక్స్ నడిచే అసంఖ్యాకమైన సర్వర్లలో అది భాగం. దానిని ఫిన్లాండ్‌కు చెందిన ఒక వ్యక్తి ఏళ్ల తరబడి జీతం లేకుండా దాదాపు ఒంటరిగా నిర్వహిస్తూ వచ్చాడు. 2022లో ఆ సాఫ్ట్‌వేర్ చర్చా బృందంలో కొందరు అతణ్ణి వరుసగా నిలదీశారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని, ఓపిక లేకపోతే బాధ్యతను వేరొకరికి అప్పగించాలని ఒత్తిడి తెచ్చారు. తనకు చాలాకాలంగా మానసికమైన ఇబ్బందులున్నాయని, ఇది జీతంలేని అభిరుచి పని అని అతడు మృదువుగానే సమాధానం రాశాడు. ఆ సమయానికే జియా తాన్ అన్న పేరుతో ఒక కొత్త సహాయకుడు అతని చెంత చేరి ఉన్నాడు. చెప్పిన పని చేసేవాడు, వినయంగా రాసేవాడు, విసుక్కొనేవాడు కాదు. క్రమంగా అతడికి అధికారాలు దక్కాయి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన కొత్త సంచికలో, సర్వర్లలోకి రహస్యంగా చొరబడడానికి ఉపకరించే దొంగదారి ఒకటి చేరిపోయింది.

అది బయటపడిన తీరు మరింత ఆశ్చర్యకరం. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ వేరే పనిలో ఉండగా, దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి మామూలు కంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఆ అర సెకను ఎందుకన్న సందేహం వదలక వెదికి, 2024 మార్చి 29న దొంగదారిని లోకానికి వెల్లడించాడు. అప్పటికి అది ప్రధానంగా పరీక్షా దశలోని లైనక్స్ సంచికలకే పాకింది గనుక పెను విపత్తు తప్పింది. జియా తాన్ అన్న పేరు వెనుక ఉన్నది ఎవరో బయటపడలేదు. 2022లో నిలదీసిన గొంతులు కూడా ఆ పన్నాగంలో భాగమేనని పరిశోధకులు అనుమానించారు.

ఈ కథలో వినయం ముసుగుగా పనిచేసింది, అలసట తలుపు తీసింది. తప్పు అలసినవాడిది అనడం అన్యాయం. అతడి పనిమీద ఆధారపడిన సంస్థలు ఎన్నో. అతడికి తోడుగా ఒక మనిషిని నిలపాలని వాటిలో ఏ ఒక్కటీ వేళకు తలచలేదు. ఉచితంగా వచ్చేదాన్ని ‘వెంటనే’ కావాలని అడగడం సామాన్యుడి నోట అమాయకత్వంలా వినిపిస్తుంది. మోసగాడి నోటా అదే మాట వినిపిస్తుంది. తొందరపెట్టే ఉత్తరం ఎవరినుంచి వచ్చినా దానికి తొందరపడి జవాబివ్వకపోవడం సహాయకుడికి మర్యాద సమస్య మాత్రమే కాదు, రక్షణ కూడా.

ఇక మిగిలింది విరమణ. చేరడం సులభం, వెళ్లడం కష్టం. పిల్లల చదువులు, ఉద్యోగ బదిలీ, అనారోగ్యం, ఒక్కోసారి కేవలం విసుగు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చెప్పకుండా అదృశ్యమైతే అతని వద్ద సగంలో ఆగిన ప్రశ్నలన్నీ గాలిలో ఉండిపోతాయి. ఉబుంటు బృందపు ప్రవర్తనా నియమావళి ఈ విషయాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది. తప్పుకొనేవారు ముందుగా తెలియజేసి, తమ పనిని అందుకొనేవారికి ఇబ్బంది లేకుండా తప్పుకోవాలన్నది అందులోని ఉద్దేశం. 1993లో ఆరంభమైన డెబియన్ సంస్థ దీనికి ఒక ఆచరణ పద్ధతినే కల్పించింది. ఒక సాఫ్ట్‌వేర్ భాగాన్ని ఇక చూడలేనని దాని నిర్వాహకుడు ప్రకటిస్తే ఆ భాగాన్ని ‘అనాథ’గా నమోదు చేస్తారు. ఆ పట్టిక బహిరంగంగా ఉంటుంది. చూడలేనన్నవాడి నుంచి సంజాయిషీ కోరరు. అతడి స్థానంలో పనిచేయదలచినవాడు ఆ భాగాన్ని తాను ‘దత్తత’ తీసుకొంటున్నానని అదే పట్టికలో రాస్తాడు. అక్కడినుంచి దానికి సంబంధించిన ప్రశ్నలు కొత్తవాడి చిరునామాకు వెళతాయి.